మెట్లెక్కే అవ్వకు శత్రువు ఎందుకు?

ప్రశ్న: మాది తిరుపతి. ఒక లాడ్జిలో లెక్కలు చూస్తాను. తీరిక దొరికినప్పుడల్లా ఒక సినిమా కథ రాస్తున్నాను. 68 ఏళ్ల అవ్వ అలిపిరి నుంచి తిరుమల దాకా ప్రతి మెట్టుకూ పసుపు కుంకుమ పెట్టుకుంటూ ఎక్కుతుంది. బెంగళూరులో ఉద్యోగం చేసే మనవరాలు తోడు వస్తుంది. దారి పొడవునా మాట్లాడుకుంటారు. రాత్రికి కొండ చేరతారు. ఇంతే కథ. ప్రతినాయకుడు లేడు, పగ లేదు, రహస్యం లేదు. హైదరాబాదులో సహాయ దర్శకుడిగా పనిచేసే నా స్నేహితుడు చదివి, సంఘర్షణ లేనిది కథే కాదన్నాడు. దారిలో చిరుతను పెట్టమన్నాడు. అది నచ్చకపోతే అవ్వకు పొలం తగాదా ఒకటి కలపమన్నాడు. నాకు రెండూ ఇష్టం లేవు. మా ఇళ్లలోని అవ్వల జీవితాల్లో అలాంటివి ఉండవు. సంఘర్షణ లేకుండా సినిమా కథ నిలబడదా? నిలబడదంటే దీన్ని లఘుచిత్రంగా కుదించుకోమంటారా? స్క్రిప్టు మొదటి సగం జత చేశాను.
– ఒక పాఠకురాలు, తిరుపతి

సమాధానం: మీ కథలోకి చిరుతను రానివ్వకండి. పొలం తగాదా కూడా వద్దు. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలోనే ఒక చిన్నపాపను చిరుత పొట్టన పెట్టుకుంది. ఆ తర్వాత మధ్యాహ్నం దాటితే చిన్నపిల్లలను ఆ దారిలో పంపలేదు, నడిచేవాళ్ల చేతికి కర్రలిచ్చారు. తిరుపతిలో మీ సినిమా చూసే ఏ తల్లికైనా తెరమీద చిరుత కనిపించగానే ఆ పాపే గుర్తొస్తుంది. మీ అవ్వ మరుగున పడిపోతుంది. ఒక కుటుంబానికి జరిగిన ఘోరాన్ని పది నిమిషాల ఉత్కంఠ కోసం వాడుకోవడం నాకు తప్పుగానే తోస్తుంది. కథ వైపు నుంచి చూసినా, చిరుత వచ్చి పోయాక అవ్వ గురించి మనకు కొత్తగా తెలిసేది ఏమీ లేదు. చిరుతను చూస్తే ఎవరైనా భయపడతారు. మీ అవ్వకు మాత్రమే వచ్చే కష్టమేదో అది కావాలి.

అలాగని మీ స్నేహితుణ్ణి కొట్టిపారేయకండి. స్క్రిప్టు చదువుతుంటే ఎక్కడో అతడికి విసుగు పుట్టింది. ఆ విసుగు నిజమైనది. నాకూ పుట్టింది. దానికి అతడు చెప్పిన కారణమూ, చూపించిన విరుగుడూ మాత్రం సరైనవి కావు.

తగవు లేకుండా సినిమా కథ నిలబడుతుంది. ఆటంకం లేకుండా నిలబడదు. మీ స్నేహితుడు ఈ రెండూ ఒకటే అనుకుని తగవు తెచ్చి పెట్టమంటున్నాడు. మీరూ ఒకటే అనుకుని, తగవుతో పాటు ఆటంకాన్ని కూడా తీసేశారు.

సంఘర్షణే నాటకానికి ప్రాణమన్న మాటను 1894లో ఫ్రెంచి విమర్శకుడు ఫెర్డినాండ్ బ్రూనెతియేర్ ఒక నియమంగా రాశాడు. మనిషి ఇచ్ఛ, దాన్ని అడ్డుకునే శక్తులు, వాటి మధ్య పెనుగులాట: ఇదే నాటకమన్నాడు. 1912లో ఆంగ్ల నాటక విమర్శకుడు విలియం ఆర్చర్ దీనికి ఒప్పుకోలేదు. గొప్ప నాటకాలు కొన్నింటిలో అలాంటి పెనుగులాట కనిపించదనీ, నాటకానికి కావలసింది సంక్షోభమనీ వాదించాడు. ఒక మనిషి బతుకు త్వరత్వరగా మలుపు తిరిగే ఘట్టం ఉంటే చాలునన్నది ఆయన పక్షం. అంటే మీ స్నేహితుడు తిరుగులేని సూత్రంలా చెప్పిన మాట, నూరేళ్లకు పైగా వాదంలో ఉన్న ఒక అభిప్రాయం మాత్రమే.

మన వైపు చూద్దాం. నాట్యశాస్త్రం కథకు అయిదు అవస్థలు చెప్పింది: ప్రారంభం, ప్రయత్నం, ప్రాప్త్యాశ, నియతాప్తి, ఫలాగమం. ఒకరికి ఒక ఫలం కావాలి. దానికోసం పూనుకుంటారు. దక్కుతుందేమోనన్న ఆశ పుడుతుంది. దక్కడం ఖాయమవుతుంది. దక్కుతుంది. ఈ అయిదింటిలో శత్రువు పేరు లేదు. కోరిక ఉంది, దానికీ ఫలానికీ మధ్య దూరం ఉంది. శత్రువు కావాలంటే వస్తాడు, రాకపోయినా మెట్లు అయిదూ అలాగే ఉంటాయి.

కాళిదాసు చేసిన పని ఇంకా గమనించదగ్గది. మహాభారతంలోని శకుంతల కథలో దుర్వాసుడి శాపం లేదు, ఉంగరమూ లేదు. అక్కడ దుష్యంతుడికి అంతా గుర్తుంది, నిండు సభలో తెలియనట్టు మాట్లాడతాడు. అంటే అది భార్యాభర్తల మధ్య నేరుగా సాగిన తగవు. కాళిదాసుకు ఆ దోషం రాజు మీద ఉండటం ఇష్టం లేకపోయింది. తగవును తీసేశాడు. తీసేసి ఊరుకుంటే నాటకం నాలుగో అంకంలోనే అయిపోయేది. అందుకే శాపం తెచ్చాడు, ఉంగరాన్ని నీళ్లలో జారవిడిచాడు. భర్త మోసగాడు కాడు, భార్య అబద్ధాలకోరు కాదు, అయినా ఇద్దరి మధ్య దాటలేని అడ్డు నిలిచింది. పాత్రలను ప్రేమించే రచయితలు నేర్చుకోవలసిన విద్య ఇది. దోషి లేని ఆటంకం. మీ స్క్రిప్టుకు కావలసింది సరిగ్గా ఇదే.

ఇక స్క్రిప్టులోకి వస్తాను. గాలిగోపురం చేరకముందే అవ్వ చేతిలోని కుంకుమ పొట్లం ఖాళీ అవుతుందని రాశారు. చదువుతూ నేను నిటారుగా కూర్చున్నాను. తరువాతి వాక్యంలోనే మనవరాలు సంచిలోంచి ఇంకో పొట్లం తీసి ఇచ్చేసింది. అవ్వ మోకాలు పట్టేసిందన్నారు. మోకాళ్ల నొప్పులు రాకూడదని అందరూ ఆనించుకుని వెళ్లే తలయేరు గుండును అంతకుముందే చూపించారు, బాగుంది. కానీ అవ్వ రెండు నిమిషాలు కూర్చుని, తగ్గిపోయిందంటూ లేచింది. మనవరాలికి బెంగళూరు నుంచి ఆఫీసు ఫోను వచ్చింది. ఆమె కట్టేసింది. ఆ ఫోను మళ్లీ మోగలేదు. ఏ యజమాని అంత తేలిగ్గా ఊరుకుంటాడు?

మీరు ఆ ఇద్దరినీ ఎంతగా ప్రేమిస్తున్నారంటే, కష్టం పుట్టిన మరుక్షణమే దాన్ని తీర్చేస్తున్నారు. మొదటి సగంలో ఇలా ఆరేడు చోట్ల జరిగింది. ప్రతిచోటా ఒక మంచి సన్నివేశం మొదలై, ఒక్క వాక్యానికే ముగిసిపోయింది. కొత్త కష్టాలు తెచ్చి పెట్టమని నేను అడగడం లేదు. మీరు రాసిన కష్టాలనే కాసేపు ఉండనివ్వండి. రెండో పొట్లం సంచిలో లేదనుకోండి. కిందికి దిగి కొనుక్కురావాలి. ఎవరు దిగాలి? దిగిన మనిషి తిరిగొచ్చేదాకా అవ్వ పైమెట్టు మీద కాలు పెట్టకుండా ఎక్కడ కూర్చోవాలి? చీకటిపడే వేళకు ఇది ఎంత ఆలస్యం తెస్తుంది? ఇందులో చెడ్డవాళ్లు ఒక్కరూ లేరు. అయినా చూసేవాడు కదలడు.

ఒక చిన్న లెక్క వేయండి. అలిపిరి దారిలో సుమారు 3,550 మెట్లున్నాయి. వంగి, పసుపు రాసి, కుంకుమ పెట్టి, లేచి, పై మెట్టుకు మారడానికి పది సెకన్లే పడుతుందనుకుందాం. 35,500 సెకన్లు. అంటే దాదాపు పది గంటలు, ఎక్కడా ఆగకుండా. మామూలుగా నడిచేవాళ్లు మూడు నాలుగు గంటల్లో ఎక్కేస్తారు. 68 ఏళ్ల మనిషి పది గంటలపాటు 3,550 సార్లు వంగి లేవాలి. మీరు పంపిన సగంలో అవ్వ మొదటి గంటలో మాట్లాడినట్టే అయిదో గంటలోనూ మాట్లాడుతోంది. పొడవాటి వాక్యాలు, సామెతలతో సహా. ఆ వేళకు ఆమెకు ఊపిరి అందదు. సంఘర్షణ లేదని మీరు అనుకుంటున్న కథలో అవ్వ ఒంటికీ కొండకూ మధ్య పొద్దుటి నుంచి రాత్రిదాకా పెనుగులాట సాగుతూనే ఉంది. మీరు దాన్ని చూపించలేదు, అంతే.

మన జనానికి కొట్లాటలే కావాలని ఎవరైనా అంటే, చిత్తూరు వైపు వేసవిలో జరిగే భారతానికి తీసుకెళ్లండి. పద్దెనిమిది రోజులు ద్రౌపదమ్మ గుడి ముందర పగలు హరికథ, రాత్రి వీధినాటకం. చివరిరోజు దుర్యోధన వధ. నేలమీద పడుకోబెట్టిన పెద్ద మట్టిబొమ్మ చుట్టూ భీముడూ దుర్యోధనుడూ గదలతో పరుగెత్తుతుంటే ఊరు ఊరంతా ఊగిపోతుంది. కాదనను. అదే జనం అర్జునుడి తపస్సు రోజున ఏం చూడటానికి వస్తారు? ఎత్తైన తపస్సుమానును అర్జున వేషధారి పద్యాలు పాడుకుంటూ ఎక్కుతాడు. ఒక పద్యం, కాస్త ఎత్తు, మళ్లీ పద్యం. కిరాతుడితో పోరు కథలో ఆ తర్వాతెప్పుడో ఉంది. మాను ఎక్కుతున్నంతసేపూ అతడికి ఎదురు నిలిచినవాడు లేడు. పాశుపతం దొరుకుతుందని అక్కడున్న పసిపిల్లలకూ తెలుసు. అయినా ఎవ్వరూ కదలరు.

ఎందుకు కదలరో చెబుతాను. మాను చుట్టూ సంతానం లేని ఆడవాళ్లు తడిబట్టలతో సాష్టాంగపడి ఉంటారు. పైనుంచి అర్జునుడు విసిరే నిమ్మకాయో, విభూతి పొట్లమో తమ కొంగులో పడితే కడుపు పండుతుందని వాళ్ల నమ్మకం. అర్జునుడు ఎక్కే ఒక్కో బారూ వాళ్లకు దగ్గరవుతున్న ఫలం. చుట్టూ ఉన్న జనానికి ఆ ఆడవాళ్లలో ఒకరు చెల్లెలు, ఒకరు కోడలు, ఒకరు పొరుగింటావిడ. ఎవరి కొంగులో పడుతుంది? గంటల తరబడి అంతమందినీ పట్టి ఉంచేది ఈ ప్రశ్నే. శత్రువు లేకపోయినా, ఎవరికో ఏదో గట్టిగా కావలసి ఉంది, అది దక్కుతుందో లేదో తెలియదు.

మరి మీ అవ్వకు ఏం కావాలి? మెట్ల పూజ ఊరికే చేయరు. మొక్కు ఉండాలి. మొదటి సగం పూర్తిగా చదివాను, ఆ మొక్కు ఏమిటో ఎక్కడా లేదు. మీకు తప్పకుండా తెలిసే ఉంటుంది. చివర్లో బయటపెట్టి కన్నీళ్లు తెప్పిద్దామని దాచుకున్నారేమోనని నా అనుమానం. దాచకండి. పాదాల మండపం దగ్గరే, స్వామి పాదుకలు నెత్తిన పెట్టుకుని ప్రదక్షిణం చేసే వేళకే, చూసేవాళ్లకు చెప్పేయండి. చివరి అయిదు నిమిషాల ఆశ్చర్యం కోసం ముందున్న గంటన్నరను పణంగా పెట్టకూడదు. మొక్కు తెలిస్తే ప్రతి మెట్టూ బరువెక్కుతుంది. తెలియకపోతే అవి ఒట్టి మెట్లే.

మీ కథలో దాక్కున్న అసలైన ముడి ఒకటుంది, మీరు దాని పక్కగా వెళ్లిపోయారు. అవ్వకు ఇక వంగడం చేతకాదు అనే ఘట్టం ఎప్పుడో వచ్చి తీరాలి. అప్పుడు మనవరాలు, ‘నువ్వు కూర్చో, మిగిలినవాటికి నేను పెడతాను’ అంటుంది. ప్రేమతోనే అంటుంది. అవ్వ ఒప్పుకుంటుందా? మొక్కుకున్నది తాను. ఇంకొకరి చేత్తో తీరిస్తే అది తీరినట్టా? మనవరాలికి ఇది అర్థం లేని పట్టుదల. అవ్వకు అది దేవుడితో ఆడిన మాట. ఇద్దరూ మంచివాళ్లే, ఇద్దరూ ఎదుటిమనిషి మేలే కోరుతున్నారు, అయినా ఒకరి మాట నెగ్గితే ఇంకొకరు ఓడాలి. మీ స్నేహితుడు అడిగిన సంఘర్షణ ఇంతకంటే ఏం కావాలి? దీనికి జవాబు ఏమిటో నేను చెప్పను. మీ అవ్వను మీరే బాగా ఎరుగుదురు. సగం మెట్లు ఒకరూ సగం ఇంకొకరూ అంటూ రాజీ మాత్రం చేయకండి, అది మళ్లీ మీ పాత అలవాటే అవుతుంది.

ఇంకో హెచ్చరిక. జపాను, చైనా కథల్లో సంఘర్షణే ఉండదనీ, కి, షో, టెన్, కెట్సు అనే నాలుగు భాగాల పద్ధతిలో రాస్తే చాలనీ మీకు ఎవరో ఒకరు చెబుతారు. ఎత్తుగడ, కొనసాగింపు, అనుకోని మలుపు, ముగింపు: చైనా వారి నాలుగు పాదాల పద్యం నుంచి వచ్చిన అమరిక అది. చక్కనిదే. కానీ ఆ దేశాల వాళ్లకు బాధ లేని కథలు ఇష్టమని దానికి అర్థం కాదు. యసుజిరో ఓజు 1953లో తీసిన ‘టోక్యో స్టోరీ’ చూడండి. ముసలి తల్లిదండ్రులు టోక్యోలో ఉన్న పిల్లలను చూడటానికి వస్తారు. పిల్లలు చెడ్డవాళ్లు కారు, పనుల్లో ఉన్నారు. ఖర్చు పెట్టి మరీ వాళ్లను వేడినీటి బుగ్గలున్న అతామికి పంపుతారు. అక్కడ రాత్రంతా గోల, ముసలివాళ్లకు నిద్ర పట్టదు. తెల్లవారి సముద్రపు గట్టు మీద కూర్చుని, ఇక ఇంటికి పోదామనుకుంటారు. లేవబోతూ తల్లి ఒక్కసారి తూలుతుంది. అంతే. ఎవరూ గొంతు పెంచలేదు, సంగీతం హోరెత్తలేదు. చూస్తున్న మనకు మాత్రం గుండె జారుతుంది, అక్కడి నుంచి ఆమె వేసే ప్రతి అడుగునూ కనిపెట్టి చూస్తాం. ఆ తూలును ఓజు వెంటనే సరిచేసి ఉంటే ఆ సినిమా లేదు.

తెలుగులోనూ ఇలాంటి ధైర్యం చేసినవాళ్లున్నారు. శ్రీరమణ కథ ఆధారంగా తనికెళ్ల భరణి 2012లో తీసిన ‘మిథునం’లో తెరమీద కనిపించేవి రెండే పాత్రలు, ముసలి మొగుడూ పెళ్లామూ. వంటలు, తోట, అలకలు. ఆ నవ్వుల కింద, ఇద్దరిలో ఎవరు ముందు వెళ్లిపోతారన్న ప్రశ్న పారుతూనే ఉంటుంది. అది లేకపోతే మిగిలేది వంటల జాబితా.

ఇక నిర్మాణం సంగతి. మీరు ప్రత్యేకంగా ఏదీ కల్పించనక్కరలేదు, దారి మీకు ఇచ్చే ఉంది. గాలిగోపురం దాకా నిటారైన మెట్లు. అక్కడి నుంచి చాలాదూరం చదునైన నడక, జింకల పార్కు, చెట్ల నీడ. ఆ తరువాత చివర్లో మోకాళ్ల పర్వతం. ఎక్కుడు, ఊరట, అన్నిటికంటే కష్టమైన ఎక్కుడు. సినిమాకు విశ్రాంతి (ఇంటర్వెల్) గాలిగోపురం దగ్గర వస్తుంది. అక్కడ అవ్వ వెనక్కి తిరిగి ఊరిని చూస్తుందని రాశారు. అందంగా ఉంది కానీ చాలదు. ప్రేక్షకుడు బయటికి వెళ్లి టీ తాగుతూ కూడా ఆలోచించేది ఒకటి అతడి చేతిలో పెట్టాలి. సంచిలో కుంకుమ అయిపోవచ్చింది, ఇంకా వేయికి పైగా మెట్లున్నాయి, చెప్పులు లేని కాలికి చీలిక వచ్చింది. ఏదైనా ఒక్కటి చాలు.

మోకాళ్ల పర్వతం గురించి మీకు నేను చెప్పాలా? రామానుజులవారు పవిత్రమైన ఆ కొండను కాలితో తొక్కలేక మోకాళ్లతో ఎక్కారని పెద్దలు చెబుతారు. అన్నమయ్య మనవడు తాళ్లపాక చిన్నన్న ద్విపదలో రాసిన తాతగారి కథలో, కొండకు బయలుదేరిన బాలుడు అన్నమయ్య ఆకలితో, అలసటతో సొమ్మసిల్లినది అక్కడే. అతణ్ణి ఎవరూ అడ్డగించలేదు. అడ్డు ఆకలి, తెలియక వేసుకున్న చెప్పులు. అలమేలుమంగమ్మ వచ్చి, చెప్పులు విప్పమని చెప్పి, ప్రసాదం పెట్టి లేపుతుంది. ఆయన కృతజ్ఞతతో ఆమె మీద శతకం చెప్పాడంటారు. దోషి లేని ఆటంకం మీ దారిలోనే ఏనాటి నుంచో ఉంది.

మన పరిశ్రమలో స్క్రిప్టు చదివేవాళ్లు తక్కువ, కథ వినేవాళ్లు ఎక్కువ. కథ వినిపించేటప్పుడు ‘ఇందులో విలన్ లేడండీ, గొడవలు ఉండవండీ’ అని మొదలుపెట్టకండి. లేనిదాని గురించి ఎందుకు చెప్పడం? ‘ఒక ముసలామె 3,550 మెట్లకు తన చేత్తో పసుపు కుంకుమ పెడతానని మొక్కుకుంది, దారిలో ఒళ్లు మొరాయించింది, మనవరాలు తాను పెడతానంటే వద్దంటోంది’ అని చెప్పండి. వినేవాళ్లు తరువాత ఏమైందని అడిగితే మీ కథ నిలబడినట్టే. మీ స్నేహితుడికే ముందుగా చెప్పి చూడండి.

లఘుచిత్రంగా కుదించమంటారా అని అడిగారు. కుదించకండి. ఈ కథకు నిడివి అవసరం. పది గంటల శ్రమ పావుగంటలో ఒంటికి తెలియదు. కావాలంటే మోకాళ్ల పర్వతం దగ్గర ఇద్దరి మధ్య జరిగే ఆ ఒక్క ఘట్టాన్ని విడిగా ఇరవై నిమిషాల చిత్రంగా తీయండి. నిర్మాతకు చూపించడానికి చేతిలో ఏదో ఒకటి ఉంటుంది, మీకూ దర్శకత్వం ఎంతవరకు వచ్చో తెలుస్తుంది.

తిరగరాసే ముందు, మెట్ల పూజ చేసే ఒకావిడతో ఆమె అనుమతి అడిగి అలిపిరి నుంచి పైదాకా నడవండి. కెమెరా తీయకండి. పళ్లెం ఏ చేతి నుంచి ఏ చేతికి ఎప్పుడు మారుతోందో, ఎన్ని మెట్లకు ఒకసారి నడుం మీద చెయ్యి వేస్తోందో, మాట ఎక్కడ ఆగిపోతోందో రాసుకోండి. మీ రెండో సగంలోని సంభాషణల్లో చాలావాటికి అప్పుడు పని ఉండదు. అవి తీసేశాక మొదటి సగంతో కలిపి మొత్తం నాకు పంపండి, చదువుతాను.